విప్పిన పిడికిలి: జో లూయిస్ కథలు, లెక్కలు

ఒక మనుష్యుడు తన కథను తానే రెండుమారులు చెప్పుకొనుట అరుదే గాని అపూర్వము కాదు; అయితే ఆ రెండు గ్రంథములకును నడుమ ముప్పదియొక్క సంవత్సరములు గడచి, మొదటిదానిలోని విజేతను రెండవదానిలోని వృద్ధుడు గుర్తింపజాలనంతగా కాలము తారుమారై యున్నప్పుడు, వానిని ప్రక్కప్రక్కన నుంచి చదువువానికి ఒకే పేరుగల ఇరువురి చరిత్రలు చదువుచున్నట్లు తోచుట సహజము. 1947లో వెలువడిన ‘మై లైఫ్ స్టోరీ’, 1978లో వెలువడిన ‘జో లూయిస్: మై లైఫ్’ అను ఈ రెండును అమెరికా దేశపు నల్లజాతి ముష్టియోధుడు, ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియను జో లూయిస్ ఆత్మకథలే. మొదటిది అచ్చైన నాటికి అతడు పదియేండ్లుగా ఆ కిరీటమును మరియొకరికి దక్కనీయక నిలుపుకొన్న వీరుడు. రెండవది అచ్చైన నాటికి చక్రాల కుర్చీకి అంకితమైన రోగి, లాస్ వేగాస్ నగరమందలి సీజర్స్ ప్యాలెస్ అను జూదశాలలో వచ్చుపోవు ధనికులకు చేయి కలిపి స్వాగతము చెప్పుటకై జీతమునకు కుదిరిన మాజీ మహారాజు.

ఈ రెంటిలో ఏదియు లూయిస్ స్వహస్తముతో వ్రాసినది కాదు. మొదటిదానికి చెస్టర్ వాషింగ్టన్, హాస్కెల్ కోహెన్ అనువారును, రెండవదానికి ఎడ్నా రస్ట్, ఆర్ట్ రస్ట్ జూనియర్ దంపతులును లేఖకులైరి. ఇది దోషమని నేననను. క్రీడాకారుల ఆత్మకథలు పెక్కు ఇట్లే పుట్టును, వ్యాసునకే వినాయకుడు కావలసివచ్చెను గదా. అయితే వినాయకునకు అర్థము గ్రహింపక అక్షరము వ్రాయరాదను నియమముండెను. ఈ లేఖకులు ఆ నియమమును ఎంతవరకు పాటించిరో వారి పుస్తకములే చెప్పవలెను. లూయిస్ జీవితమంతయు ఈ తీరుననే గడచెను. అతని పక్షమున పత్రికలవారితో మాటలాడినవారు వేరు, ఒప్పందములపై బేరమాడినవారు వేరు, సొమ్ము లెక్కించినవారు వేరు. గుద్దుటయు, గుద్దులు తినుటయు మాత్రమే అతని వంతు. అతని కీర్తిని గూర్చియు పతనమును గూర్చియు వచ్చిన గ్రంథములు పలుమారు రసవత్తరములే గాని, ఆ లెక్కల కాగితములను ప్రక్కకు నెట్టి చెప్పిన కథ యెంత కంటతడి పెట్టించినను సగము కథయే యని నా అభిప్రాయము.

జోసెఫ్ లూయిస్ బారో 1914 మే 13వ తేదీన అలబామా రాష్ట్రములో లాఫయెట్ పట్టణ సమీపమున, ఎనమండుగురు బిడ్డలలో ఏడవవాడుగా పుట్టెను. తండ్రి మన్రో బారో పరుల భూమిని పాలుకు దున్నుకొని బ్రదుకు పేదరైతు. బిడ్డకు రెండేండ్ల ప్రాయము వచ్చునంతలోనే ఆయన మతి చెదరి, ఆ రాష్ట్రపు మానసిక వైద్యశాలలో చేర్పబడెను. అచ్చటనే మరణించెనన్న వార్తను నమ్మి తల్లి లిల్లీ పాట్ బ్రూక్స్ అను మరియొకని వివాహమాడెను. కాని మన్రో బారో 1938 వరకు ఆ గోడల నడుమనే జీవించియుండెననియు, తన కుమారుడు ప్రపంచ విజేత యయ్యెనని యెరుగకయే కన్నుమూసెననియు తరువాత బయల్పడెను. ఈ సంగతిని పాఠకులు మనసులో నుంచుకొనుడు. ముందు మరల దీనితో పని పడును.

దక్షిణ రాష్ట్రముల దారిద్ర్యమునుండియు జాతివిద్వేషమునుండియు పారిపోయి ఉత్తర నగరముల కార్ఖానాలను ఆశ్రయించిన లక్షలాది నల్లవారితోపాటు ఈ కుటుంబము కూడ 1926లో డెట్రాయిట్ చేరెను. మాట తడబడు బాలుడు, బడిలో వెనుకబడినవాడు. కుమారుడు సంగీతము నేర్చి బాగుపడవలెనని తల్లి వయొలిన్ పాఠములకై కూడబెట్టి యిచ్చిన చిల్లరను అతడు బ్రూస్టర్ వ్యాయామశాలకు కట్టెను. ఫోర్డు కంపెనీవారి రివర్ రూజ్ కార్ఖానాలో కూలి, సాయంకాలములు రింగులో సాధన. ఔత్సాహికుడుగా 54 పోరులలో 50 గెలిచి, 1934 జూలై 4వ తేదీన చికాగో నగరమున మొదటిమారు డబ్బు పుచ్చుకొని పోరాడెను.

అతనిని చేరదీసిన మువ్వురి చరిత్ర వేరొక వ్యాసమునకు తగినది. జాన్ రాక్స్‌బరో డెట్రాయిట్ నల్లవాడలలో అంకెల జూదము నడపి సంపన్నుడైనవాడు, ఆ నేరముపై పిదప చెరసాల చూచినవాడు; జూలియన్ బ్లాక్ చికాగోలో అట్టి వ్యాపారమందే ఆరితేరినవాడు; శిక్షకుడు జాక్ బ్లాక్‌బర్న్ హత్యానేరముపై శిక్ష యనుభవించి వచ్చినవాడు. ఇట్టి త్రిమూర్తులు కలిసి ఆ యువకునకు సత్ప్రవర్తనా సూత్రములు బోధించిరనిన హాస్యాస్పదముగా తోచవచ్చును గాని, వారికి కారణము లేకపోలేదు. 1908 నుండి 1915 వరకు విజేతగా నుండిన జాక్ జాన్సన్ అను నల్లవాడు తెల్లవారిని ఓడించి పండ్లికిలించి నవ్వినందుకును, తెల్లని స్త్రీలను వివాహమాడినందుకును శ్వేతసమాజము పగబట్టి, ఆ తరువాత రెండు దశాబ్దములు ఏ నల్లవానికిని ఆ కిరీటము దరిదాపులకు పోవు అవకాశమీయలేదు. కావున లూయిస్ జాన్సనునకు విలోమరూపము కావలెను: తెల్లని స్త్రీ ప్రక్కన నిలిచి ఫొటో తీయించుకొనరాదు, పడిపోయిన ప్రత్యర్థిపై విజయగర్వము చూపరాదు, కెమెరాల యెదుట ముఖమున ఏ భావమును తోపనీయరాదు, ఒంటరిగా రాత్రిక్లబ్బులకు పోరాదు. ఇరువదేండ్లవాడు ముఖమునకు ముసుగు తొడుగుకొనెను. ఆ ముసుగే అతని స్వభావమని దేశమంతయు పొరబడెను. 1936లో ఎడ్వర్డ్ వాన్ ఎవరీ వ్రాసిన తొలి జీవితచరిత్ర మొదలుకొని నలుబది యేండ్లపాటు వచ్చిన వ్రాతలలో పెక్కు ఈ ముసుగును చూచి వ్రాసినవే.

పోరులను గూర్చి తెలియగోరువారికి పుస్తకములకు కొదవలేదు గనుక ఇచట క్లుప్తముగా చెప్పెదను. 1935లో మాజీ విజేతలైన ప్రైమో కార్నెరా, మాక్స్ బేర్ ఇరువురిని కూల్చెను. బేర్‌తో తలపడిన రోజుననే మార్వా ట్రాటర్ అను కన్యను పెండ్లాడి, పెండ్లికూతురిని రింగు ప్రక్కన కూర్చుండబెట్టి పోరునకు దిగెను. 1936 జూన్ 19న జర్మనుడు మాక్స్ ష్మెలింగ్ చేతిలో పండ్రెండవ రౌండున నేల గరచెను. 1937 జూన్ 22న చికాగోలో జిమ్ బ్రాడక్‌ను ఓడించి విజేతయయ్యెను. ఆ పోరు దక్కించుకొనుటకై వేదికల వ్యాపారి మైక్ జేకబ్స్ పదియేండ్లపాటు తన లాభములలో పదవ వంతు బ్రాడక్‌నకు ముట్టచెప్పుటకు ఒడంబడవలసివచ్చెను. కిరీటము రింగులో మాత్రమే మారదు, కాగితముపై కూడ మారుననుటకు ఇది నిదర్శనము. సరిగా సంవత్సరము తిరిగిన నాడు, 1938 జూన్ 22న, న్యూయార్కు నగరపు యాంకీ స్టేడియమున డెబ్బదివేల జనము నడుమ ష్మెలింగ్ మరల ఎదురుపడెను. హిట్లరు రాజ్యము ఆ జర్మనుని తన జాత్యౌన్నత్యమునకు సాక్షిగా చాటుకొనుచుండగా, సొంతదేశమున ఎన్నో హోటళ్లలో అడుగుపెట్టనీయని నల్లవానిని అమెరికా తన ప్రజాస్వామ్యమునకు ప్రతినిధిగా నిలుపుకొనెను. పోరు 124 సెకనులలో ముగిసెను. వీథులలో నాట్యమాడిన నల్లజనుల ఆనందమును వర్ణింపని గ్రంథము లేదు. న్యాయముగా మరియొక మాట చెప్పవలెను: ష్మెలింగ్ నాజీ కాడు, అతని మేనేజరు యూదుడు, ఆ సంవత్సరము నవంబరులో యూదులపై జర్మనీయందు దాడులు జరిగిన రాత్రి అతడు ఇరువురు యూదు బాలురను దాచి కాపాడెను. ఈ ఇరువురి సంబంధమును డేవిడ్ మార్గోలిక్ 2005లో ‘బియాండ్ గ్లోరీ’ అను గ్రంథమున ఓపికతో విచారించెను.

ఇక లెక్కలకు వత్తము. 1942 జనవరి 9న, అమెరికా యుద్ధమున ప్రవేశించిన నెలనాళ్లకు, లూయిస్ బడ్డీ బేర్‌తో పోరాడి తన పారితోషికమును నౌకాదళ సహాయనిధికి దానమిచ్చెను. ఆ నిధికి చేరిన మొత్తము 47,000 డాలర్లు. ఆనాటి నౌకాదళము నల్లవారిని వంటశాలలోను భోజనశాలలోను పరిచారకులుగా దప్ప వేరు పనులకు దాదాపుగా చేర్చుకొనుట లేదు. ఇట్టి దళమునకు నీవేల దానమీయవలెనని నల్లజాతివారిలోనే కొందరు నిలదీసిరి. లూయిస్ వెనుదీయలేదు, పైపెచ్చు తానే సైన్యమున సామాన్య సైనికుడుగా చేరి, నెలకు 21 డాలర్ల జీతగాడై, మార్చి 27న ఏబ్ సైమన్‌తో పోరాడి 36,146 డాలర్లు సైనిక సహాయనిధికి సమర్పించెను. కిరీటమును పందెమొడ్డి ప్రతిఫలము లేక పోరాడిన హెవీవెయిట్ విజేత అంతకుముందు లేడు. యుద్ధమంతటను అతడు సైనికుల యెదుట ప్రదర్శన పోరులు చేయుచు దేశదేశములు తిరిగెను. కాన్సస్ రాష్ట్రమందలి ఫోర్ట్ రైలీలో జాకీ రాబిన్సన్ అను నల్ల యువకునకు అధికారుల శిక్షణాశాలలో చోటు దొరకనప్పుడు, వాషింగ్టన్‌లోని పరిచితునకు ఫోను చేసి ఆ తలుపులు తెరిపించినవాడు లూయిసే. ఆ రాబిన్సనే తరువాత 1947లో బేస్‌బాల్ క్రీడలోని వర్ణభేదమును ఛేదించెను. 1945లో సైన్యము లూయిస్‌నకు లీజియన్ ఆఫ్ మెరిట్ పతకమిచ్చి గౌరవించెను.

సైన్యము పతకమిచ్చెను, ఆదాయపు పన్నుశాఖ నోటీసు ఇచ్చెను. దానమిచ్చిన ఆ పారితోషికములు అతనికి ముట్టిన ఆదాయమే యని ఆ శాఖ లెక్కగట్టెను. దేశమునకు ధారవోసిన సొమ్మునకు దేశమే పన్ను వసూలుచేసి ఒక వీరుని కూల్చెనను కథ యిక్కడినుండియే పుట్టి, నేటికిని వ్యాపించియున్నది. కథ రక్తి కట్టును, అబద్ధమును కాదు. అయినను అంకెలు దానిని పూర్తిగా సమర్థింపవు. రెండు దానములును కలిపి 83 వేల డాలర్ల పైచిలుకు. 1950లో ప్రభుత్వము చెల్లింపుమని కోరినది 5 లక్షల డాలర్లకు పైబడిన మొత్తము. దానముల మొత్తమునంతటిని పన్నుగా గుంజుకొన్నను తక్కిన నాలుగు లక్షలు ఎచ్చటివి?

వాని జాడ యుద్ధానంతరపు లెక్కలలో దొరకును. మేనేజర్లకు సగము వాటా. శిక్షణా వ్యయములు తక్కిన సగమునుండి. సైన్యమున నున్న కాలమున సంపాదన నిలిచిపోగా, మైక్ జేకబ్స్ వద్దను రాక్స్‌బరో వద్దను అప్పులు పేరుకొనెను. 1946 జూన్ 19న బిల్లీ కాన్‌తో జరిగిన రెండవ పోరున లూయిస్ వంతునకు వచ్చిన ఆరు లక్షల డాలర్లు మేనేజర్ల వాటా, విడిపోయిన భార్యకీయవలసినది, ప్రభుత్వపు పన్నులు, పాత బాకీలు అను నాలుగు నోళ్లలో పడి మాయమయ్యెను. పన్ను పత్రములు దాఖలుచేయుట జేకబ్స్ కొలువులోని గుమాస్తాల పని. వారు లూయిస్ మేలుకంటె తమ యజమాని సౌకర్యమునే యెక్కువగా చూచుకొనిరి. వృత్తిజీవితమంతటిలో అతని పోరులు ఆర్జించినది 46 లక్షల డాలర్లకు మించగా అతని చేతికి వచ్చినది సుమారు 8 లక్షలు మాత్రమే యని జీవితచరిత్రకారుల లెక్క. ఆ యెనిమిది లక్షలును అతని చేతిలో నిలువలేదనుట కూడ నిజమే. భోజనశాల పెట్టెను, తన పేర శీతలపానీయము అమ్మించెను, సాఫ్ట్‌బాల్ జట్టును పోషించెను, గుఱ్ఱములను మేపెను. గోల్ఫు ఆటలో పందెములు కాచి తనకంటె నేర్పరులకు ధనమర్పించుకొనెను. చేయి చాచినవానికి లేదనెడివాడు కాడు. తన కుటుంబము దుర్దశలో ప్రభుత్వమునుండి పొందిన సహాయధనమును తొలి సంపాదన చేతికందగానే తిరిగి చెల్లించిన మనుష్యుడితడే. దుబారాకోరు అను ఒక్క మాటతో అతని కథను ముగించువారికి ఈ రెండు గుణములును ఒకే చేతిలో ఇమిడియున్నవని గుర్తుచేయుట అవసరము.

1949 మార్చిలో అతడు కిరీటము కోల్పోకయే విరమించెను. పదునొకండేండ్ల యెనిమిది నెలలు, 25 మారులు కిరీటరక్షణ; హెవీవెయిట్ చరిత్రలో అంతటి దీర్ఘపాలన మరియొకటి లేదు. విరమించుచు, తన తరువాతి పోటీదారుల ఒప్పందములను జేమ్స్ నారిస్ అను ధనికుని బృందమునకు లక్షన్నర డాలర్లకు అప్పగించెను. ఆ బృందమే ఇంటర్నేషనల్ బాక్సింగ్ క్లబ్బు పేర ఈ క్రీడను గుత్తకు పట్టి, నేరస్థుల నీడలో నడపి, 1959లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో రద్దయ్యెను. లూయిస్‌ను పూజించు గ్రంథములలో ఈ ఘట్టముపై వేగముగా పుటలు తిరిగిపోవును. తన్ను పిండిన యంత్రమునకు తానే యొక చక్రమమర్చి యిచ్చెనని చెప్పుట భక్తులకు కష్టము.

హరిశ్చంద్ర నాటకము చూచిన తెలుగువారికి నక్షత్రకుని పరిచయము చేయనక్కరలేదు. రాజు ఆలినమ్మి, బిడ్డనమ్మి, తన్ను తానమ్ముకొని ఋణము తీర్చగా, ఎంత పీడించినవాడైనను నక్షత్రకుడు సొమ్ము పుచ్చుకొని గురువు కడకు మరలిపోయెను. లూయిస్ వెంటబడిన నక్షత్రకునకు మరలిపోవు గడియ లేదు. ఆనాటి అమెరికాలో అధికాదాయముపై పన్ను నూటికి తొంబది వరకు ఉండెను. అప్పు తీర్చుటకై సంపాదించిన సొమ్ములో అత్యధికభాగము ఆ యేటి పన్నునకే పోగా, మిగిలినది పాత బాకీపై పెరుగు వడ్డీకైనను చాలదు. పనిచేసినకొలది ఋణము పెరుగు ఈ విచిత్రగణితమునకు లోబడియే 36 ఏండ్ల ప్రాయమున అతడు మరల రింగులో దిగెను. 1950 సెప్టెంబరు 27న ఎజార్డ్ ఛార్లెస్ చేతిలో పదునైదు రౌండ్లు పోరాడి ఓడెను. 1951 అక్టోబరు 26న మాడిసన్ స్క్వేర్ గార్డెనులో రాకీ మార్సియానో ఎనిమిదవ రౌండున అతనిని త్రాళ్ల నడుమనుండి రింగు వెలుపలికి పడగొట్టెను. బాల్యమునుండి లూయిస్‌నే ఆరాధించిన మార్సియానో ఆ రాత్రి ఓడినవాని గదికి పోయి కన్నీరు కార్చెను.

తల్లి లిల్లీ 1953లో మరణించి కుమారునకు విడిచిన 667 డాలర్లను పన్నుశాఖ జప్తుచేసెను. పిల్లల పేర దాచిన నిధియు పోయెను. లక్షల లెక్కలు చదివి చలింపని మనస్సు ఈ 667 వద్ద ఆగిపోవును. వయొలిన్ పాఠములకై చిల్లర కూడబెట్టిన ఆ చేతి మిగులే గదా ఇది. 1956లో లూయిస్ కుస్తీ ప్రదర్శనలలో చేరెను. ముందే నిర్ణయమైన జయాపజయములతో నడచు ఆ తమాషాలో ఒకనాడు భారీకాయుడైన ప్రత్యర్థి అతని రొమ్ముపై పడగా ప్రక్కటెముకలు విరిగి గుండె కండరమునకు దెబ్బ తగిలెను. 1950ల చివరకు బాకీ పదిలక్షలు దాటెను. 1960ల ఆరంభమున మాత్రమే ప్రభుత్వము, పాత బాకీకై వెంటబడక, ఆ యేటి ఆదాయముపై పన్ను మాత్రమే వసూలు చేయుటకు సమ్మతించెను.

పుస్తకములకు మరల వత్తము. 1953లో అతని కథ సినిమాగా వచ్చెను. లూయిస్ పాత్ర ధరించిన కోలీ వాలెస్ స్వయముగా ముష్టియోధుడు, ఔత్సాహిక దశలో మార్సియానోను ఓడించినవాడు. అటుపిమ్మట 1962 జూన్‌లో ఎస్క్వైర్ మాసపత్రికలో గే టలీస్ వ్రాసిన వ్యాసము నా దృష్టిలో లూయిస్‌పై వచ్చిన వ్రాతలన్నిటిలో మేలైనది. అందులో పోరు లేదు. లావెక్కిన, జుట్టు పలుచబడిన ఒక మధ్యవయస్కుడు న్యూయార్కులో మూడురోజులు విహరించి లాస్ ఏంజెలిస్‌లో విమానము దిగును. న్యాయవాదియైన మూడవ భార్య మార్తా ఎదురువచ్చి టై యేదని అడుగును. చివరి దృశ్యములో, హార్లెమ్ సౌందర్యవస్తువుల వ్యాపారిణియు అతని రెండవ భార్యయు నైన రోజ్ మోర్గన్, తన తరువాతి భర్తయు అతిథులును చూచుచుండగా, లూయిస్ బిల్లీ కాన్‌తో పోరాడిన పాత ఫిల్మును ఇంటిలో వేసి, ప్రతి గుద్దునకును మురిసిపోవును. రచయిత యెచ్చటను జాలి చూపడు, తీర్పు చెప్పడు. టామ్ వుల్ఫ్ ఈ వ్యాసము చదివియే పత్రికారచన కథారచనవలె నుండవచ్చునని తెలిసికొంటినని తరువాత వ్రాసెను. ఒక బాక్సరుపై వ్రాసిన కొన్ని పుటలు ఒక దేశపు పత్రికారచనకు కొత్తదారి చూపెననిన చిన్న విషయము కాదు.

వ్యాసమునందలి ఆ సుఖి క్రమముగా చీకటిలో దిగెను. 1969లో న్యూయార్కు వీథిలో కుప్పకూలెను; శరీరశ్రమ యని పత్రికలకు చెప్పిరి. గాలి వచ్చు రంధ్రములగుండ శత్రువులు విషవాయువు పంపుచున్నారని నమ్మి, హోటలు గదులలో వానిని మూయుచుండెను. నేరస్థుల ముఠా తన్ను చంపజూచుచున్నదనెను. 1970 మే నెలలో డెన్వర్ నగరమున, భార్య కోరగా, అతనిని మానసిక వైద్యశాలకు పంపు కాగితముపై కుమారుడు జో లూయిస్ బారో జూనియర్ సంతకము చేసెను. కుమారుని వయస్సప్పటికి ఇరువదిరెండేండ్లు. ఆ వైద్యశాలలోను, తరువాత మాజీ సైనికుల ఆసుపత్రిలోను లూయిస్ అయిదు నెలలు గడపెను. 1970ల తొలినాళ్లలో బార్నీ నాగ్లర్ ప్రకటించిన ‘బ్రౌన్ బాంబర్’ గ్రంథమున లూయిస్, వీథిలో కూలినది కొకైన్ వలననేయని దాపరికము లేక ఒప్పుకొనెను. ముసుగు తొలగుట అప్పుడే.

తండ్రి జీవితము ముగిసిన చోటనే తనయుని జీవితమును ముగియబోవునాయని ఆ కుటుంబము భయపడియుండవలెను. మతిభ్రమ వంశానుగతమా, మాదకద్రవ్య ఫలమా, లెక్కలేనన్ని గుద్దులు తిన్న తలకు దక్కిన శిక్షయా యని తరువాతి రచయితలు తర్కించిరి. ఈ మూటిని గూర్చియు మాటలాడి, పదునైదేండ్లు వడ్డీతో వెంబడించిన నోటీసులను మరచుట మాత్రము నాకు సబబుగా తోచదు. తన్ను ఎవరో వెంటాడుచున్నారను భ్రమకు లోనైన ఈ మనుష్యుని నిజముగానే చాలకాలము వెంటాడినవారుండిరి గదా.

1978 ఆత్మకథ ఈ చీకటినంతటిని దాటి వచ్చిన మనుష్యుని కంఠధ్వని. మొదటి పుస్తకము దాచిన స్త్రీసాంగత్యములన్నియు ఇందు వరుసగా వెలికివచ్చును. వినోదముగా చెప్పిన ఆ పుటలలో మార్వా ఎన్ని రాత్రులు ఒంటరిగా వేచియుండెనో యను స్పృహ అరుదుగానే కనబడును. ఆమెను రెండుమారులు పెండ్లాడి రెండుమారులు విడిచినవాడు. ధనమును గూర్చి యడిగిన మాత్రము ఎవరిపైనను ద్వేషము లేదు: జేకబ్స్ మిత్రుడే, రాక్స్‌బరో తండ్రివంటివాడే, ప్రభుత్వము ప్రభుత్వమే. ఇది ఔదార్యమో, ముసుగు తొడుగుకొన్న పాత యలవాటు పోలేదో నిర్ణయించుట కష్టము. రెండవదియే యని నేననుకొందును.

జూదశాల ఉద్యోగమును గూర్చి రచయితలు రెండు పక్షములుగా చీలిరి. సింహమును బోనులో కట్టి చూపించినట్లు కొందరు విలపించిరి. లూయిస్ మాత్రము అట్లు భావించిన జాడ లేదు. జనము నడుమ నుండుట, గోల్ఫు ఆడుట, పాత మిత్రుల పలకరింత, నెలజీతము; రింగులో తలపై మొత్తించుకొనుటకంటెను కుస్తీ తమాషాకంటెను ఇది గౌరవమైన జీవనమే. 1977లో బృహద్ధమనికి శస్త్రచికిత్స జరిగి, పిదప కాళ్లు స్వాధీనము తప్పెను. 1981 ఏప్రిల్ 11 రాత్రి సీజర్స్ ప్యాలెస్‌లో లారీ హోమ్స్, ట్రెవర్ బెర్బిక్‌ల పోరు చూచి, మరునాడు గుండె ఆగి మరణించెను, వయస్సు 66. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానమున ఖననమునకు వలసిన నియమములను అధ్యక్షుడు రీగన్ సడలించెను. అంత్యక్రియల వ్యయములో కొంత భరించినవాడు మాక్స్ ష్మెలింగ్. యుద్ధానంతరము హాంబర్గ్‌లో కోకాకోలా వ్యాపారమున ధనికుడై, 1954లో చికాగో వచ్చి లూయిస్‌ను వెదకి కలిసికొని, అప్పటినుండి స్నేహము విడువనివాడు. 1982లో అమెరికా కాంగ్రెసు లూయిస్‌నకు స్వర్ణపతకము ప్రకటించెను. 1986లో డెట్రాయిట్ నడిబొడ్డున 24 అడుగుల కంచు చేయి, పిడికిలి బిగించినది, వ్రేలాడదీసిరి. శిల్పముగా అది గొప్పదే. కాని లూయిస్ చేయి జీవితమున ఎక్కువకాలము విప్పియే యుండెనని శిల్పి రాబర్ట్ గ్రాహమునకు ఎవరును చెప్పలేదు కాబోలు.

అతని మరణానంతరమే నిలుకడగల జీవితచరిత్రలు వచ్చెను. 1985లో క్రిస్ మీడ్ వ్రాసిన ‘ఛాంపియన్’ తెల్లవారి పత్రికలు లూయిస్‌ను ఎట్లు చిత్రించెనో పుటపుటను వెదకి చూపెను. ముసుగును గూర్చిన నా పై మాటలు ఆ పుస్తకమునకు ఎంతయు ఋణపడియున్నవి. 2010లో రాండీ రాబర్ట్స్ రచించిన ‘హార్డ్ టైమ్స్ మేన్’ ఆర్థికమాంద్యపు దేశమును వెనుకనుంచి ఈ మనుష్యుని నిలిపెను. మహమ్మద్ అలీ తరమువారు లూయిస్‌ను తెల్లవారికి తలయొగ్గినవాడని ఎగతాళి చేసిన అన్యాయమును ఈ రెండు గ్రంథములు చాలవరకు సరిదిద్దెను. వీనికి నడుమ 1988లో, కుమారుడు జో లూయిస్ బారో జూనియర్, బార్బరా మండర్ అను రచయిత్రితో కలిసి, తండ్రిని ఎరిగినవారిని కలిసి వారి మాటలను ప్రోగుచేసి ఒక పుస్తకము కూర్చెను. డెన్వర్‌లో ఆ కాగితముపై సంతకము చేసిన చేయియే ఇది వ్రాసినది. ఆ యొక్క కారణముననైనను దీనిని నేను తక్కినవానికంటె నిదానముగా చదివితిని. నల్లవారికి ప్రవేశములేని వృత్తి గోల్ఫు పోటీలో, 1952లో శాన్ డియేగోయందు, ఆహ్వానితుడుగా ఆడి దారి తెరచిన తండ్రికి తగినట్లు, ఈ కుమారుడు తరువాత బాలబాలికలకు గోల్ఫు నేర్పు సంస్థకు అధిపతి యయ్యెను.

ఒక్కటే చదువు తీరిక గలవారు మీడ్ గ్రంథమును చదువుడు. రెండు చదువగలవారు మీడ్‌ను ముందు ముగించి, పిదప 1978 ఆత్మకథను చేతబట్టుడు. ఏ యే చోటుల అతడు నవ్వి దాటిపోవుచున్నాడో అప్పుడు తెలియును. 1947 నాటి మొదటి పుస్తకము పాత పుస్తకముల అంగళ్లలో నేటికిని అప్పుడప్పుడు దొరకును; అందులో పన్నుశాఖ ఊసే లేదు.